మేజోడా, మందా?



ఈ మాసము మేము మేజోళ్లపై విధించు సుంకమును గూర్చి వ్రాయ సంకల్పించితిమి. నల్లమల యంచున నున్న మా అచ్చంపేటకు రేవు లేదు, ఓడ రాదు. సముద్రమును చూడని ముసలమ్మలు నేటికిని మా వీధిలో నలుగు రున్నారు. అట్టిచోట కూర్చుండి దిగుమతిసుంకముల ప్రసంగ మేల యని మీరు నవ్వవచ్చును. మా యెదురింటి పంతులమ్మగారి సంగతి జరుగకున్నచో మేమును నవ్వియే యుందుము.

పంతులమ్మగారు ముప్పది యేండ్లు ప్రభుత్వ పాఠశాలలో నిలుచుండి పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవారు. నిలిచి నిలిచి పిక్కలపై నరములు త్రాళ్లవలె ఉబ్బినవి. సాయంకాల మగుసరికి చీలమండలు వాచి చెప్పులు పట్టవు. హైదరాబాదు వైద్యుడు పరీక్షించి, ఒత్తిడి మేజోళ్లు తొడుగుకొమ్మని చీటి వ్రాసి యిచ్చెను. అమెరికాలో నున్న కుమార్తె యీ సంగతి విని రెండు జతలు కొని, తండ్రికి ఉన్ని మేజోళ్లు, ఏడాది నిండని మేనకోడలికి లేసు కుట్టిన చిట్టి మేజోళ్లు వానితో చేర్చి మూట గట్టి పంపెను. పైచీటిపై ‘సాక్సులు, బహుమానము’ అని మాత్రము వ్రాసెను.

ఇది నాలుగేండ్ల క్రిందటి మాట. మూట వచ్చినది. దానితో సుంకపు చీటియు వచ్చినది. తల్లీకూతుళ్లు లెక్క వేసికొన్నదానికంటె అది చాల ఎక్కువ. పంతులమ్మగారు ఆ చీటిని తెచ్చి మా ముందు పెట్టి, “ఇది మేజోడు గాదమ్మా, మందు! డాక్టరు రాసిచ్చిండు గద! మందుకు గూడ గింత సుంకమా?” అని యడిగిరి. మాకు సమాధానము తెలియలేదు. మూట తెచ్చిన కుఱ్ఱవానికిని తెలియలేదు. ఆమెకు డబ్బునకు లోటు లేదు గాని అన్యాయమునకు తలయొగ్గు స్వభావము లేదు. మూట పుచ్చుకొనలేదు. గడువు తీరి అది వచ్చిన దారినే సముద్రము దాటిపోయెను. ఆ వేసవి యంతయు ఆమె కాళ్లు దిండుపై నెత్తి పెట్టుకొని గడపిరి.

మేజోడా, మందా? ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. సుంకముల పట్టిక సంపాదించి చదివితిమి.

లోకములోని సరకుల కన్నిటికిని నేడు దాదాపు ఒకే పేర్ల పట్టిక కలదు. బ్రస్సెల్సు నగరములోని ప్రపంచ సుంకసంస్థ దానిని పోషించుచున్నది. అది 1988 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. మన దేశము అంతకు రెండేండ్లు ముందే, 1986లోనే, తన 1975 నాటి సుంకశాసనపు పట్టికను ఆ తీరుగా మార్చుకొన్నది. ప్రతి వస్తువునకు ఒక అంకె. మొదటి రెండంకెలు అధ్యాయము, నాలుగంకెలు శీర్షిక, ఆరంకెలవరకు దేశము లన్నిటికిని ఒక్కటే. అటుపైని ఎవరి యంకెలు వారివి. అరువదియొకటవ అధ్యాయము అల్లిక వస్త్రములది. అందు 6115 మేజోళ్లకు ఇల్లు.

ఆ శీర్షికను చదివినపుడు మేము తెల్లబోతిమి. పంతులమ్మగారి రోగమును శాసనము మరచినదేమో యని మేము తలచియుంటిమి. మరువలేదు! ఉబ్బునరములకు తొడుగు ఒత్తిడి మేజోళ్లు అని ఆ రోగము పేరు పెట్టియే, వానిని ఇచ్చట, తక్కిన మేజోళ్ల సరసన, కూర్చుండబెట్టినారు. 2007 నుండి వానికి 6115.10 అను ప్రత్యేక సంఖ్యయు కలదు. చీలమండవద్ద గట్టిగా బిగిసి, పైకి పోవుకొలది క్రమముగా బిగి తగ్గునట్టి మేజోడు ఇది. క్రింద నిలిచిన నెత్తురు పైకి నడచుటకు ఆ యమరిక.

మరి రోగుల సాధనములకు ఇల్లు లేదా? ఉన్నది. తొంబదియవ అధ్యాయమున 9021 అను శీర్షికలో చంకకఱ్ఱలు, విరిగిన యెముకకు కట్టు దబ్బలు, చెవులు వినబడని వారి యంత్రములు ఉన్నవి. అయితే ఆ అధ్యాయపు తొలి నియమములలోనే ఒక తలుపు మూసినారు. కేవలము సాగెడి గుణముచేత అవయవమును పట్టి యుంచు వస్త్రపు వస్తువులు ఇందు చేరవట. పంతులమ్మగారి మేజోడు చేయునది సరిగా అదే కదా! రోగికి అది మందు. వైద్యునకు చికిత్స. శాసనమునకు మేజోడు. మాకిది నచ్చలేదు. కాని ఆ నియమము లేనిచో సాగెడి ప్రతి లాగును, ప్రతి నడుముపట్టీని వైద్యసాధన మనుచు వర్తకులు తెత్తు రను భయమును ఒప్పుకొనక తప్పదు.

మేజోడు అను నొక్క మాటలో ఇన్ని మాట లున్నవని మేమెన్నడు నెఱుగము. అల్లినదైన 6115. గుడ్డ కత్తిరించి కుట్టినదైన అరువదిరెండవ అధ్యాయమునకు పోవలెను. అడుగున వేరుగా అట్ట అతికించిరా, అది మేజోడే కాదు, అరువదినాలుగవ అధ్యాయపు పాదరక్ష. చంటిబిడ్డదైనచో బిడ్డబట్టల శీర్షికయగు 6111లోనికి పోవును. చంటిబిడ్డ యన నెవరు? శాసనము వయస్సు నడుగదు, పొడవు నడుగును. 86 సెంటీమీటర్లు మించని బిడ్డ చంటిబిడ్డ. తల్లులు గోడకు నిలువబెట్టి బొగ్గుగీత గీయు పద్ధతియే ఢిల్లీ పండితులకును దిక్కయినది!

ఆడువారి సన్నని పొడవు మేజోళ్లకు ఇంకొక పరీక్ష. వానిలోని ఒంటిపోగు 67 డెసిటెక్సులకు లోబడినదా, కాదా? ఈ మాటను చూచి బెదరవలదు. పది కిలోమీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెసిటెక్సులు. అచ్చంపేటలో దారపుకొన కట్టి ఉమామహేశ్వరపు దారి పట్టినచో, కొండ చేరకమునుపే ముగియు నంత పొడవు. ఆ దారమంతయు నేటి పది గ్రాముల లెక్కన ఏడు తులములైనను తూగని సన్నదనమును ఈ నియమము కోరుచున్నది. నూలు, నైలాను కలిసినచో బరువులో ఏది మిక్కిలియో దాని పేరే మేజోడునకు. నూటికి 55 పాళ్లు నూలు, 40 నైలాను, 5 సాగెడి దారము అయినచో అది నూలుమేజోడు.

లేసు సంగతి యింకను వింత. అమెరికా పట్టికలో లేసు గల నూలుమేజోడునకు సాధారణ సుంకము నూటికి 10, లేసు లేనిదానికి 13.5. అంచు కుట్టినందుకు తగ్గింపు! కృత్రిమ దారముదైనచో తలక్రిందు. లేసుతో 18.8, లేకున్న 14.6. (2025లో వారు పైని విధించిన అదనపు సుంకముల మాట వేరు.) నరసాపురమున లేసు అల్లు సోదరీమణులు తమ కొక్కెపుసూది మొన ఇట్టి లెక్కల నటునిటు కదల్చునని తలచియుందురా?

మన దేశమున వర్తకుడు మేజోళ్లు తెప్పించిన నేమగును? 2018 ఆగస్టులో మన ప్రభుత్వము 328 వస్త్రశ్రేణులపై మూలసుంకమును నూటికి 10 నుండి 20కి హెచ్చించెను. మేజోళ్లకు నేడు 20 గా లెక్కింపుడు. వంద రూపాయల సరకునకు మూలసుంకము 20. దానిపై పదింట ఒకవంతు సాంఘిక సంక్షేమపు అదనపు సుంకము, 2 రూపాయలు. ఇపుడు సరకు 122 అయినది. వస్తుసేవల పన్ను నూటికి 5 చొప్పున ఈ 122 పైని వేయుదురు, వందపైని గాదు. అది 6 రూపాయల 10 పైసలు. మొత్తము 28 రూపాయల 10 పైసలు. సుంకముపై సుంకము, దానిపై పన్ను, గారెపై గారె పేర్చినట్లు.

ఈ గోడ తిరుప్పూరు, లుధియానా అల్లిక పనివారి కొఱకని ప్రభుత్వము చెప్పును. మా యంగడి వీధిలో బడిపిల్లల మేజోళ్లు చాలవఱకు స్వదేశపువే. మా చుట్టుప్రక్కల చేలలో ఆడువారు ఏరిన పత్తి వానిలో ఏ జతలో చేరెనో ఎవరు చెప్పగలరు! కావున ఆ గోడను మేము నిందింపము. దానికి తలుపెచ్చట నున్నదో ఇల్లాండ్రకు చెప్పువారు లేకుండుటయే మా బాధ.

సుంకము మనకు క్రొత్త గాదు. మోటుపల్లి రేవున కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము ఓడవర్తకులనుండి ముప్పదింట ఒకవంతు దప్ప కొనమని మాట యిచ్చినది. ముత్యములకు, కర్పూరమునకు, దంతమునకు, మిరియములకు ఆ రాతిమీదనే రేట్లు చెక్కియున్నవి. చదువ వచ్చినవాడు మోసపోవలసిన పని లేదు.

మా పాలమూరు సీమకు దగ్గరి యనుభవము కరోడ్‌గిరి. నిజాము రాజ్యపు సుంకశాఖకు అది పేరు. 1802 నాటి కుంపిణీ సంధిని బట్టి సరకు వెలపై నూటికి 5 వంతుల సుంకము. కృష్ణ ఆవలి యొడ్డు మదరాసు రాజధాని, ఈవలి యొడ్డు నిజాము సీమ. భాష యొకటి, చుట్టరికము లొకటి. అయినను కర్నూలులో కొన్న సరకు ఏరు దాటగానే పరదేశపు సరకు! పుట్టింటినుండి తెచ్చుకొన్న క్రొత్త చీరలను ముందొకసారి కట్టి మడత నలిపి, పాతవని చూపెడి వారమని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశమున కలిసిన పిమ్మటి యేండ్లలో ఆ యేటి సుంకము అంతరించినది.

1930ల నాటికి సముద్రపు రేవులలో వేఱొక చిక్కు వచ్చినది. జపాను బనియనులు, మేజోళ్లు మిక్కిలి చౌకగా దిగసాగెను. వెలలో నూటికింత యన్నచో, వెలయే తక్కువ గనుక సుంకమును తక్కువే. కావున 1934లో నాటి ప్రభుత్వము అల్లిక వస్త్రములపై నూటికింత, లేదా డజనునకు ఇంత, ఏది యెక్కువయైన అది యను పద్ధతి పెట్టినది. నేటి పట్టికలలోను ఈ ‘ఏది యెక్కువయైన’ అను మాట అచ్చటచ్చట కనబడుచున్నది.

ఇక పంతులమ్మగారి మూటకు వత్తము. అది వర్తకుని సరకు గాదు. సొంత వాడుకకు టపాలో, కొరియరులో వచ్చువానికి తొంబదియెనిమిదవ అధ్యాయమున 9804 అను శీర్షిక కలదు. అందు నూలు, ఉన్ని, లేసు, పొడవు ఏ భేదమును లేదు. రెండే గదులు. ఒకటి ఔషధములు, రెండవది తక్కినవన్నియు. ఆమె మేజోడు రెండవ గదికి పోయినది. వైద్యుని చీటి చూపినను మొదటి గదికి పోదు. ఔషధ మన లోపలికి పుచ్చుకొనునదో, పూసికొనునదో గాని కాలికి తొడుగునది గాదు. రేట్లు బడ్జెటు బడ్జెటునకు మారుచుండును గనుక అంకెలు వ్రాయము. వర్తకుని లెక్కయు ఈ లెక్కయు వేరని మాత్రము గుర్తుంచుకొనుడు.

‘బహుమానము’ అని వ్రాసినందువలన మేలు కలుగలేదు. 2019 డిసెంబరు 12 నాటి ప్రకటనతో, టపా కొరియరులలో బహుమానముగా వచ్చు వస్తువులకు సుంకములేని రాకను నిలిపివేసిరి. ప్రాణరక్షక ఔషధములకును, రాఖీలకును మాత్రము మినహాయింపు. అన్నకు చెల్లెలు కట్టు దారము రావచ్చును. తల్లికి కూతురు పంపు మేజోడు సుంకము చెల్లించియే రావలెను. ఈ నిర్ణయము చేసిన సభలో ఆడపిల్ల తల్లి యెవరును లేరని మా యనుమానము.

కావున పంపువారికి వ్రాయునప్పుడు ఈ సంగతులు తెలుపుడు. చీటిపై ఒక్క ‘సాక్సులు’ అని వ్రాయక, ఏ రకము, ఎన్ని జతలు, ఒక్కొక్కదాని వెల ఎంత యని విడివిడిగా వ్రాయవలెను. వెల తగ్గించి వ్రాయుట మంచిది గాదు. కొన్న రసీదు లోపల నుంచవలెను. వచ్చువారు తమతో పెట్టెలో తెచ్చుకొను సొంత సామానునకు ఒక మేరవఱకు సుంకము లేదు. తొందర లేనిచో అదియే సులభము. అన్నిటికంటె ముందు, ఆ వస్తువు మన యూళ్లలో దొరకునో లేదో విచారింపుడు. ఒత్తిడి మేజోళ్లు హైదరాబాదు మందుల దుకాణములలో దొరకుచున్నవి. చీలమండ, పిక్క చుట్టుకొలతలు ఉదయమున, వాపు లేనప్పుడు, తీసికొని పోవలెను. కాలికి నెత్తురు చాలక బాధపడువారికి ఇవి హాని చేయును గనుక వైద్యుని మాట లేనిదే తొడుగరాదు. ప్రొద్దున మంచము దిగకమునుపే తొడుగుట మేలు.

పంతులమ్మగారు ఆ వేసవి గడచిన పిమ్మట హైదరాబాదులోనే ఒక జత కొనిరి. మొన్న సంక్రాంతికి కుమార్తె వచ్చుచు పెట్టెలో రెండు జతలు తెచ్చినది. శంషాబాదులో ఎవరును ఏమియు నడుగలేదట. పంతులమ్మగారు వానిని విప్పి అటునిటు సాగదీసి చూచి, “గివ్వేనా ఆ మందులు?” అని బీరువాలో పెట్టి, పాత జతనే తొడుగుకొని కూరగాయలకు బయలుదేరిరి.