మా మిత్తి ఏ గడిల రాస్తరు?

పేదోడు దవాఖానల పడితే ఎంత ఖర్చయితదో సర్కారుకు తెల్వదా? తెలుసు. 2017 జులై నుంచి 2018 జూన్ దాకా జాతీయ నమూనా సర్వే 75వ విడతల లక్షా పదమూడు వేలకు పైగా ఇండ్లు తిరిగి అడిగిండ్రు. దేశంల పల్లెటూరి మనిషి సర్కారు దవాఖానల చేరితే వైద్యానికి సగటున 4,290 రూపాయలు, ప్రైవేటు దవాఖానల చేరితే 27,347 రూపాయలు అని అచ్చేసిండ్రు. కాన్పులు ఈ లెక్కల లేవు. ఒక్కొక్క ఇంటి వివరం కూడా, పేరు లేకుండ, అడిగినోళ్లకు దొరుకుతది. అండ్ల కులానికి ఒక గడి ఉంది. ఎస్సీ అయితే 2 అని రాస్తరు.

మేము ఆ 2 నెంబరోళ్లం. మాది కంగ్టి. ఇటు కర్ణాటక, అటు మహారాష్ట్ర. నాయినకు కడుపు ఆపరేషన్ పడితే నారాయణఖేడ్ తిరిగి తిరిగి ఆఖరికి బీదర్‌ల ఒక ప్రైవేటు దవాఖానల పండబెట్టినం. కార్డు ఇక్కడ నడవదు, పైసలు కట్టమన్నరు. మూడు మేకలు అమ్మినం. సాలలేదు. పటేలు దగ్గర 20,000 తెచ్చినం, నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు 600. మూడేండ్లల్ల మిత్తే 21,600 కట్టినం, అసలు అట్లనే ఉంది. అది తీర్చనీకి తమ్ముడు తొమ్మిదో తరగతి ఇడిసి, మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని చెరుకు నరకబోయిండు.

ఇప్పుడు సర్వే కాయితం తీయండి. మా మేకలకు గడి ఉంది: ‘భౌతిక ఆస్తుల అమ్మకం’. ఇరవై వేలకూ ఉంది: ‘అప్పు’. కాని వాళ్లు అడిగేది వెనకటి 365 రోజుల దవాఖాన ఖర్చు. రెండో ఏటి మిత్తి, మూడో ఏటి మిత్తి వైద్యం ఖర్చు కిందికి రాదు. మరి తమ్ముని బడి? అదే విడతల చదువు మీద కూడా సర్వే చేసిండ్రు, కాని వేరే ఇండ్లల్ల. తండ్రి రోగం ఒక ఇంట్ల రాసుకుంటరు, కొడుకు బడి మానుడు ఇంకో ఇంట్ల రాసుకుంటరు. మా దగ్గర రెండూ ఒక్క ఇంట్లనే అయితయి.

ఇంటి ఖర్చుల వైద్యం పదో వంతు దాటితే విపత్తు అని లెక్కగట్టే కొలత ఒకటి ఉంది. భూమి ఉన్నోనికి పదో వంతంటే ఒక పండుగ తగ్గించుకునుడు. కూలోనికి అది తినే గట్క. ఇంకో మోసం ఉంది. పైసల్లేక దవాఖానకే పోనోని ఖర్చు సున్నా. దళితవాడల వైద్యం ఖర్చు తక్కువేనని రేపు ఏ మేధావో సగటు తీసి రాస్తడు, మనం సప్పట్లు కొడతం!

ఆరోగ్యశ్రీ లేదా అంటరు. 2007ల వచ్చింది, 2023 డిసెంబర్‌ల 10 లక్షలకు పెంచిండ్రు. మంచిదే. పోయిన కూలి, పటేలు మిత్తి దాని జాబితాల లేవు.

అంబేద్కర్ 1925ల అచ్చయిన తన గ్రంథం కోసం బ్రిటిష్ సర్కారు బడ్జెట్లు, పద్దులే తవ్విండు. వాళ్ల లెక్కతోనే వాళ్లను నిలదీసిండు. మన మీటింగులల్ల మాత్రం వైద్యం హక్కు అని నినాదం కొట్టి ఇంటికి పోతం. యూనివర్సిటీల చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఆ 2 నెంబరు ఇండ్లను విడిగ తీసి చూడాలె. ఆ 2లోపల మాదిగ ఎవరో, మాల ఎవరో మళ్లా తెల్వది. తెలంగాణల 59 ఎస్సీ కులాలను 2025ల మూడు గ్రూపులు చేసిండ్రు, ఆ గడి మాత్రం ఒక్కటే. నమూనా సర్వే గనుక కంగ్టి మండలం లెక్క అండ్ల దొరకది. దాన్ని వాడకట్టు తిరిగి మనమే రాయాలె: అసలెంత, మిత్తెంత, ఎన్ని రోజుల కూలి పోయింది, వెంట ఉన్నోళ్ల తిండికెంత, ఎవరి బడి ఆగింది.