ముసలిదైందని వదిలేయకండి

"ముసలిదైపోయింది కదండీ, రోజంతా పడుకునే ఉంటుంది." పిల్లిని పెంచుకునే ఇళ్ళలో ఈ మాట తరచూ వింటున్నాను. వింటే బాధేస్తుంది. పదేళ్ళు దాటాక పిల్లి ఏం చేసినా, ఏం మానేసినా వయసు ఖాతాలో రాసేస్తున్నాం. అలా రాసేసినదాంట్లో చాలా భాగం నొప్పి. అందులోనూ చాలావాటికి మందుంది.

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. వేటాడే జంతువే అయినా, తానూ పెద్ద జంతువుల నోట పడగల చిన్న ప్రాణి. నీరసం బయటపెడితే బతుకు లేదని దాని ఒంటికి తెలుసు. కాబట్టి మూలుగు కోసం ఎదురుచూడొద్దు. ఏ పనులు మానేసిందో చూడాలి.

మా పక్క వాటా పిన్నిగారి పిల్లికి 14 ఏళ్ళు. ఒకప్పుడు ఒక్క గెంతులో ఫ్రిజ్ ఎక్కేది. ఇప్పుడు ముందు కుర్చీ ఎక్కి, అక్కణ్ణుంచి బల్ల మీదికి వెళ్ళి, పైకి ఓసారి చూసి దిగిపోతోంది. గోకడం తగ్గించేయడంతో గోళ్ళు పెరిగిపోయి నడుస్తుంటే గచ్చు మీద టిక్కుటిక్కుమంటున్నాయి. నడుము వంచి నాక్కోలేక తోక మొదట్లో బొచ్చు ఉండలు కట్టింది. ఇసుక ట్రేలో పొయ్యకుండా పక్కన పోస్తోందని పిన్నిగారు కేకలేసేవారు. పాపం, ట్రే అంచు దాటడానికి కాలు లేవడం లేదు. డాక్టరు చూసి కీళ్ళనొప్పులన్నారు. 2002లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 12 ఏళ్ళు దాటిన పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలిస్తే, నూటికి తొంభైకి కీళ్ళ అరుగుదల కనిపించింది. అంచు తక్కువున్న ట్రే, ఎక్కడానికి చిన్న పీట, డాక్టరు రాసిన మందు. ఆ పిల్లి మళ్ళీ కిటికీలో కూర్చుంటోంది.

నీళ్ళ గిన్నె తొందరగా ఖాళీ అవుతుంటే కిడ్నీల సంగతి చూపించాలి. అవి సుమారు మూడింట రెండు వంతులు దెబ్బతినేదాకా పైకి ఏమీ తెలియదు. ఆవురావురుమని తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ అనుమానించాలి. బాగా తింటోంది కదా అని మనం సంబరపడే జబ్బు అది. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే, 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టు. రోజూ చూసే కంటికి అది ఆనదు. నెలకోసారి ఎత్తుకుని తూకం చూసుకుని, మన బరువు తీసేస్తే సరిపోతుంది.

మొహం కూడా చెబుతుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో పిల్లి మొహంలో నొప్పిని గుర్తుపట్టే పద్ధతి ఒకటి ప్రకటించారు. చెవులు పక్కలకు వాలడం, కళ్ళు సగం మూసుకోవడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకు రావడం, తల భుజాలకంటే కిందికి దిగడం. గుర్రుమంటోంది కదా, హాయిగానే ఉందనుకోవద్దు. నొప్పిలోనూ పిల్లులు గుర్రుమంటాయి.

నయంకాని జబ్బయితే? అమెరికా పశువైద్యురాలు అలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలత ఇచ్చారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువా కాదా అన్న ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే సంరక్షణ కొనసాగించవచ్చంటారు. నాకు ఆ చివరిదే ముఖ్యమనిపిస్తుంది. పాలలెక్క రాసినట్టు గోడ క్యాలెండరు మీద ఏ రోజు మంచిదో, ఏ రోజు కాదో గుర్తు పెట్టండి. మన ఆశ మనల్ని మోసం చేస్తుంది గానీ ఆ గుర్తులు చెయ్యవు.

ప్రాణం తీసే హక్కు మనకెక్కడిదని చాలామంది అంటారు. ఆ మాటను గౌరవిస్తాను. కానీ తిండి మాని, నీళ్ళు మాని, మంచం కింద రోజుల తరబడి అలమటించే చావును సహజమని సరిపెట్టుకోలేను. మందులేవీ పనిచేయనప్పుడు, మత్తుమందుతో నొప్పిలేకుండా పంపించమని డాక్టర్ని అడగడం పాపం కాదు.

అంతవరకూ రానివ్వకుండా ముందే చూపించండి. దగ్గర్లో పిల్లుల్ని చూసే డాక్టరు లేకపోతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ లాంటి చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి. ఈలోగా నొప్పి తగ్గుతుందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయకండి. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు, చచ్చిపోవచ్చు.