జహీరాబాదు రాజవీథి

కొన్ని ఊళ్లు తమకు కావలసిన బాటలను తామే వేసికొన్నవి. కొన్ని ఊళ్లను బాటలే పెంచినవి. 1591లో చార్మినారును నడుమ నుంచి నాలుగు దిక్కులకు నాలుగు వీథులు తీర్చిన హైదరాబాదు మొదటి తెగకు చెందినది. జహీరాబాదు రెండవ తెగకు చెందినది. హైదరాబాదునుండి షోలాపురము మీదుగా బొంబాయికి పోవు బాటయు, నిజాము కాలమున వచ్చిన వికారాబాదు–బీదరు రైలుమార్గమును ఈ ఊరిని పెంచి పెద్దచేసినవి. అందుచేతనే ఇచ్చటి జనులు తమ ప్రధానవీథికి ఏ మహాపురుషుని పేరునకును బదులుగా, అది చేరు దూరనగరము పేరునే పెట్టి, "బొంబాయి రోడ్డు" అని చిరకాలము పిలిచినారు. సొంత ఊరి వీథిని పరుల ఊరి పేరున పిలుచుటలో ఒక సత్యమున్నది. ఆ వీథి తమది కాదు, దారిన పోవువారిది అను భావము అందులో దాగియున్నది. ఆ భావము ఇకనైనను మారవలెనని చెప్పుటకే ఈ వ్యాసము.

హైదరాబాదులో బయలుదేరిన ఈ మార్గము కూకటిపల్లి, రామచంద్రాపురము, పటాన్‌చెరువు దాటి, సంగారెడ్డి చౌరస్తాను తాకి, సదాశివపేట మీదుగా పీఠభూమి నెక్కుచు పోవును. నూరు కిలోమీటర్లకు పైబడిన పిమ్మట ఎఱ్ఱమన్ను కనబడునప్పటికి జహీరాబాదు వచ్చును. అచ్చటినుండి కొలది దూరములో కర్ణాటక సరిహద్దు. ఆపై హుమ్నాబాదు, ఉమర్గా, నల్‌దుర్గ్, షోలాపురము, పుణె. పుణెనుండి మన బందరు రేవు వరకు సుమారు 840 కిలోమీటర్ల పొడవున సాగు ఈ జాతీయ రహదారికి పూర్వము తొమ్మిదవ సంఖ్య యుండెను. 2010లో సంఖ్యలను మార్చినపుడు అది అరువదియైదవది అయినది. మరాఠీ, కన్నడము, తెలుగు, ఉర్దూ ఈ నాలుగును ఒకే సంతలో వినదలచినవారు జహీరాబాదు వీథిలో ఒక పూట నిలిచిన చాలును.

చరిత్ర ఈ ప్రాంతమున కొత్తగా అడుగిడినది కాదు. సుమారు ముప్పది కిలోమీటర్ల దూరముననున్న బీదరు బహమనీ సుల్తానుల రాజధాని. అచ్చట 1472లో మహమూద్ గవాన్ నిర్మించిన విద్యాలయము శిథిలమైయు నేటికిని గంభీరముగ నిలిచియున్నది. 1932లో నిజాము ప్రభుత్వము 27 బస్సులతో రవాణాశాఖను ప్రారంభించి, ప్రజల ప్రయాణము ప్రభుత్వ బాధ్యత యని అంగీకరించెను. ఎడ్లబండ్ల బాటలు బస్సుల బాటలుగా మారిన కాలమది.

ఆపై 1948 వచ్చినది. సెప్టెంబరు 13న షోలాపురమునుండి కదలిన భారతసేన ఈ మార్గముననే హైదరాబాదునకు నడచెను. 16వ తేదీ వేకువన లెఫ్టినెంట్ కర్నల్ రామ్‌సింగ్ దళము జహీరాబాదువైపు సాగుచు, దారిలో పాతిన మందుపాతరలను తొలగించుటకై ఆగవలసివచ్చెను. బీదరు బాట ఈ రహదారిని కలియుచోట పొంచియున్నవారు కాల్పులు జరిపిరి. అయినను చీకటి పడునప్పటికి ఆ దళము జహీరాబాదును దాటి పదునైదు కిలోమీటర్లు ముందునకు పోయెను. 18న జనరల్ చౌదరి హైదరాబాదు ప్రవేశించెను. ఇది పాఠ్యపుస్తకములలో ఒకటి రెండు వాక్యములలో ముగియును. రజాకార్ల దౌర్జన్యములకు గ్రామములు గురియైన సంగతియు, పిమ్మట బీదరు, ఉస్మానాబాదు మున్నగు జిల్లాలలో నిరపరాధులైన ముస్లిములు హింసకు బలియైన సంగతియు, దానిని విచారించుటకు పండిత సుందరలాల్ సంఘము వచ్చిన సంగతియు ఒకేచోట నిలిపి చెప్పగల ఉపాధ్యాయుడు నిజమైన చరిత్రను చెప్పినవాడగును. ఈ వీథి ఆ రెండింటికిని సాక్షి.

1956 నవంబరు 1 వరకు జహీరాబాదు బీదరు జిల్లాలోనిది. భాషాప్రాతిపదికన రాష్ట్రములు ఏర్పడినపుడు ఆ జిల్లా మూడు రాష్ట్రముల పాలైనది. జహీరాబాదు తాలూకాలో అధికభాగము మెదకు జిల్లాలో చేరినది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లాకు మారినది. పటములో గీతలు ఇన్నిమార్లు మారినను బాట మాత్రము తన తావున తానున్నది. పిల్లలకు భూగోళమును, చరిత్రను కలిపి బోధింపదలచినవారికి ఇంతకంటె తేలికయైన పాఠమెక్కడ దొరకును?

ఇక నేటి మాట. గత దశాబ్దమున ఈ రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించినపుడు పట్టణమునకు వెలుపలగా బైపాసు మార్గము వేసిరి. దూరపు లారీలు ఊరి నడుమకు రావలసిన పని తప్పినది. తరతరములుగా ఊరిని చీల్చుకొనిపోయిన బాట మొదటిసారిగా ఊరివారి చేతికి వచ్చినది. అయితే చేతికి వచ్చినదానిని ఏమి చేసికొనవలెనో మనకు తెలియకున్నది. వాహనములు వేగముగా పోవలెనను ఒక్క కొలతతోనే ఇప్పటికిని దానిని కొలుచుచున్నాము. పుస్తకముల సంచి మోయు బాలిక వీథి దాటుటకు ఎంతసేపు నిలువవలసివచ్చునో కొలుచువారు లేరు.

పాశ్చాత్య నగరములలో "బులివార్డు" అను చెట్లవరుసల రాజవీథులు ప్రసిద్ధములు. ఆ పదమునకు మూలార్థము కోట అలంగము. 1670లో పదునాలుగవ లూయీ పారిసు నగరపు కోటగోడలను తొలగింపజేసి, ఆ తావున చెట్లు నాటించి విహారవీథులు చేయించెను. వియన్నా నగరము 1857లో తన ప్రాకారములను కూల్చ నిశ్చయించి, 1865 నాటికి వలయవీథిని తెరచెను. దీనిలోని నీతి గమనింపదగినది. మహావీథులు శూన్యమునుండి పుట్టలేదు. మొదటి ప్రయోజనము తీరిపోయిన కట్టడమును ప్రజలకు అప్పగించుటచే పుట్టినవి. వారికి కోటగోడ యెట్టిదో, జహీరాబాదునకు పాత బొంబాయి రోడ్డు అట్టిది. బాటల ప్రక్క మఱ్ఱిచెట్లు నాటించి బావులు త్రవ్వించితినని అశోకుడు శిలాస్తంభముపై చెక్కించిన దేశమునకు ఈ విద్య పారిసునుండి నేర్వవలసిన పని లేదు గాని, మఱచినదానిని గుర్తు చేసికొనవలసియున్నది. ప్రక్కనేయున్న హైదరాబాదు–బీజాపూరు మార్గములో చేవెళ్ల ప్రాంతపు దాదాపు 900 మఱ్ఱిచెట్లకొఱకు పౌరులు హరిత ట్రిబ్యునలు మెట్లెక్కవలసి వచ్చినది. ఉన్న చెట్టును కాపాడుటకే ఇంత శ్రమయైనపుడు, కొత్తగా నాటుట ఎంత ముందుచూపుతో జరుగవలెనో ఊహింపవచ్చును.

లారీలు పోయిన ఊరిలో వ్యాపారము క్షీణించునని కొందరు వర్తకుల భయము. ఆ భయమును తేలికగా త్రోసివేయరాదు. కాని లారీవాడు తాగు టీకంటె, చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చు రైతుకుటుంబము కొను బట్టలు, గిన్నెలు, విత్తనములే ఈ బజారునకు ఆధారము. ఆ కుటుంబము నీడన నిలిచి, నింపాదిగా నడచి బేరమాడగల వీథిలోనే వ్యాపారము నిలుచును. వీథిని తీర్చుట యనగా తోపుడుబండ్లవారిని తరిమివేయుట యని కొందరు అధికారులు తలంతురు. అదియు పొరపాటే. వారికి తావు చూపవలెనని 2014 నాటి వీథివ్యాపారుల చట్టమే చెప్పుచున్నది.

త్వరపడవలసిన కారణము మరొకటి గలదు. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము జహీరాబాదు ప్రాంతమున పారిశ్రామిక నగరమునకు ఆమోదము తెలిపినది. న్యాలకల్, ఝరాసంగము మండలములలో అది పెరుగుకొలది ఈ వీథిపై వాహనముల ఒత్తిడి మరల పెరుగును. అప్పుడు నడకబాటకు తావడిగిన, ఆలస్యమైనదను సమాధానమే వచ్చును. అదే ప్రాంతమున, పస్తాపూరు కేంద్రముగా 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన పేద మహిళలు, సంక్రాంతి వేళ ఎడ్లబండ్లపై జొన్న, కొఱ్ఱ, సామ విత్తనములను అలంకరించి, ఊరూర పాతపంటల జాతర నడిపిన సంగతి విద్యార్థులు ఎఱుగుదురు. ఆ బండ్లకును, కర్మాగారపు బస్సులకును, బడిపిల్లలకును సమానముగ తావున్న వీథియే నాగరిక వీథి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఒక ఉదయము తరగతిని గదినుండి ఈ వీథిలోనికి తీసికొనిపొండు. ఎన్ని చెట్లున్నవో, నీడ యెచ్చట తెగినదో, ముసలివారు కూర్చుండ అరుగు యెచ్చటనున్నదో, వీథి దాటుట యెచ్చట ప్రమాదమో పిల్లలచే లెక్క వ్రాయింపుడు. పెద్దలనడిగి పాతబాట ముచ్చట్లు సేకరింపజేయుడు. ఆ లెక్కను, ఒక పటమును పురపాలక కార్యాలయమునకు పిల్లలచేతనే పంపింపుడు. ఏలినవారు విందురో వినరో చెప్పలేము. ఆ పిల్లలు మాత్రము ఆనాటినుండి ఆ బాటను బొంబాయివారిదిగా చూడరు. ఊరివారు తమదని తలంచిన వీథికే రాజవీథి యను పేరు చెల్లును.