స్టెంటు వేశారు, సరే. గుబులు ఎవరికి చెప్పుకోవాలి?

పొరుగు రాష్ట్రాలలో తెలుగు హక్కులంటే బడి, పాఠ్యపుస్తకం, బస్సు బోర్డు. మన పోరాటం ఆసుపత్రి మంచం దాకా ఇంకా చేరలేదు. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో 42 లక్షలకు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా తెలుగువారున్నారు. హోసూరు పెద్దాయనకు గుండెపోటు వస్తే బెంగళూరులో యాంజియోప్లాస్టీ చేసి, స్టెంటు అమర్చి, కొద్ది రోజులలోనే ఇంటికి పంపుతారు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషు. నర్సు చెప్పే నాలుగు మాటలు కన్నడం.

"తరతరాలుగా ఇక్కడే ఉన్నారు, రాష్ట్రభాష రాదా?" అని అడుగుతారు. వచ్చును. సంతలో బేరమాడటానికి, పట్టా అడగటానికి వచ్చును. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచిన భయాన్ని చెప్పుకొనే భాష వేరు. "గుండె దడగా ఉన్నది" అని మనవాడంటే అది దిగులో, నిజంగా లయ తప్పుటయో తేల్చటానికి మరొక ప్రశ్న అడగాలి. దానిని తెలుగులో అడిగేవారేరి?

కొడుకు దుబాసీగా ఉన్నాడు కదా అనటం మరీ అన్యాయం. తండ్రి బెంబేలెత్తుతాడని కొడుకు సగం మింగేస్తాడు. ఆలుమగల కాపురం మళ్లీ ఎప్పటినుంచి అన్న సందేహాన్ని ఏ తండ్రి కొడుకుచేత అడిగించగలడు?

గుండెపోటు వచ్చిన ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరు తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనవుతారు. దానిని ముప్పు కారకంగా గుర్తించాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లోనే సూచించింది. కుంగినవాడు మందులు సరిగా వేసుకోడు. స్టెంటు తరువాత యాస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ వంటి మరొక మందును సాధారణంగా ఆరు నుంచి పన్నెండు నెలలు వాడాలి. వైద్యుని అడగకుండా మానితే స్టెంటులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. గడచిన రెండు వారాలలో దిగులుగా ఉంటున్నదా, దేనిమీదా ఆసక్తి లేదా అన్న రెండు ప్రశ్నలతో నర్సు ఈ కుంగుబాటును తొలుత పసిగట్టవచ్చు. వాటిని తెలుగులో అడగటానికి ఏ యంత్రమూ కొననక్కరలేదు. (నర్సులను తప్పుపట్టటం లేదు. కేరళ నుంచి వచ్చి కన్నడమో తమిళమో పనిలోనే నేర్చుకున్నవారెందరో. నా ప్రశ్న యాజమాన్యాలకు.)

తెలుగు కరపత్రం అచ్చువేసి చేతులు దులుపుకుంటే చాలదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని తరాలు మనలో ఉన్నాయి. నోటిమాట కావాలి. కేస్‌షీటులో ఇంటిభాష నమోదు కావాలి. ఇంటికి చేరిన వారంలోపు తెలుగులో ఫోను రావాలి. ఉగాది కవిసమ్మేళనాలకు చందాలు పోగుచేసే మన సంఘాలు ఈ కోరికలతో జిల్లా కలెక్టరుకు ఒక్క విన్నపమైనా ఇవ్వాలి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దానిని తెలుగులోనే వ్రాయవచ్చును.