ఫార్మాట్ కొట్టించే ముందు ముడత పైకా కిందికా చూడండి



ఈసారి మిరప గురించి కాదు, ల్యాప్‌టాప్ గురించి రాస్తున్నా. నవ్వకండి. ఇంజనీరింగో డిగ్రీయో చదివే పిల్లలున్న ఇంట్లో ఇప్పుడు అది ఉండాల్సిందే. నలభై యాభై వేలు పోసి కొంటున్నాం. ఎడ్లజత కొనేటప్పుడు పళ్ళు చూసి, నడిపించి, అరక కట్టి చూసేవాళ్ళం. దీన్ని మాత్రం అట్టపెట్టెతో తెచ్చి పిల్లల చేతిలో పెడతాం. ఏడాది తిరక్కముందే అది ఉన్నట్టుండి ఆగిపోతుంది. షాపుకి తీసుకెళ్తే "ఫార్మాట్ కొట్టాలండీ, ఎనిమిది వందలు" అంటారు. ఇచ్చి వస్తాం. పది రోజులకి మళ్ళీ అదే కథ.

నా మాట ఒక్కటే. కారణం చెప్పకుండా ఫార్మాట్ అన్నవాడికి మిషన్ ఇవ్వొద్దు.

మిరపలో ముడత మనకి తెలిసిందే. ఆకు అంచులు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. పేరు ఒకటే, ముడత. తామర పురుగుకి కొట్టే మందులన్నీ నల్లిని చంపవు. చేలోకి రాకుండా కౌంటర్ దగ్గరే మూడు డబ్బాలు చేతిలో పెట్టే షాపువాడిని మనం ఎన్ని తిట్లు తిట్టుకున్నామో గుర్తు చేసుకోండి. "ల్యాప్‌టాప్ ఆగిపోతోంది" అన్నది కూడా ముడత లాంటి మాటే. ఎలా ఆగిందో చూడకుండా మందు రాయకూడదు.

తెర మీద ఏ రాతా రాకుండా దీపం ఆర్పినట్టు టక్కున ఆరిపోతే వేడినో, పవర్‌నో అనుమానించాలి. పిల్లలు మంచం మీద దుప్పటి పరిచి దాని మీద పెట్టి వాడతారు. చాలా మిషన్లకి గాలి పీల్చే చిల్లులు అడుగునే ఉంటాయి. అవి మూసుకుపోతే ఫ్యాను గోల పెడుతుంది, వేడి హద్దు దాటితే మిషన్ తనని తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది. గట్టి బల్ల మీద పెట్టి రెండు రోజులు వాడి చూడండి. తర్వాత ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద చూడండి. ఛార్జర్ పెట్టినప్పుడే ఆగుతుంటే ఛార్జర్‌నీ, దాన్ని గుచ్చే చోటునీ చూపించండి.

"మీ ఊళ్ళో వోల్టేజీ బాగోదండీ" అని ఒక మాట వేస్తారు. ఛార్జర్ వెనక చదవండి, 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. పైగా కరెంటు పోయినా బ్యాటరీ మీద నడవాల్సిన మిషన్ అది. కరెంటు కదిలితే ఆరిపోతోందంటే ముందు బ్యాటరీ సంగతి తేల్చాలి. (మిషన్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అది ఎర్తింగ్ లోపం కావచ్చు, ఇంట్లో ఎర్తింగ్ చూపించుకోండి. మోటారుకి వేయించుకున్నవాళ్ళం ఇంటికి వేయించుకోలేమా.)

నీలం తెర వచ్చి మళ్ళీ తనే స్టార్ట్ అవుతుంటే అది వేరే జబ్బు. కొత్త విండోస్‌లో ఈ తెర నల్లగా కూడా వస్తోంది. దాని మీద ఇంగ్లీషులో ఒక కోడ్ ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీయండి. ప్రతిసారీ ఒకే కోడ్ వస్తుంటే తరచుగా డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ముక్కో, కొత్తగా పడిన అప్‌డేటో కారణం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. విమానాలు ఆగాయి. అక్కడ మిషన్లు మంచివే, ఫైలు చెడ్డది. తప్పు ఫైలు తీసేస్తే లేచి కూర్చున్నాయి.

కోడ్ ఒక్కోసారి ఒక్కోటి వస్తుంటే మాత్రం ర్యామ్ మీద అనుమానం పెట్టుకోండి. మా పాప మిషన్‌కి ఇదే జరిగింది. కొని ఎనిమిది నెలలు, మిరప డబ్బుతో. మూడో ఏడు బీటెక్, ప్రాజెక్టు ఇవ్వాల్సిన నెల. రోజుకి ఒకటి రెండుసార్లు ఆగేది. కొన్న షాపుకి తీసుకెళ్తే చూడకుండానే ఫార్మాట్ అన్నారు. పాప ఒప్పుకోలేదు. ఏ తేదీ, ఎన్ని గంటలకి, అప్పుడు ఏం పని చేస్తోంది, కోడ్ ఏంటి అని నోటు పుస్తకంలో రాసింది. తొమ్మిది రోజుల్లో పదకొండు సార్లు, నాలుగు రకాల కోడ్‌లు. విండోస్‌లోనే మెమరీ డయాగ్నొస్టిక్ అని ఒక పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. పెడితే హార్డ్‌వేర్ లోపం ఉందని చూపించింది.

అసలు సంగతి ఇక్కడుంది. కంపెనీ 8 జీబీతో పంపిన మిషన్‌కి, అమ్మేటప్పుడు షాపులోనే ఇంకో 8 జీబీ ముక్క వేసి 2,600 తీసుకున్నారు. సర్వీసు సెంటర్‌లో ఆ ముక్క తీసి పరీక్ష పెడితే ఒక్క తప్పూ లేదు. తిరిగి పెడితే మళ్ళీ తప్పులు. ఇలాంటి మిషన్‌కి ఫార్మాట్ కొడితే ఏమవుతుంది? పాప రాసుకున్నదంతా పోతుంది, చెడ్డ ర్యామ్ లోపలే ఉంటుంది. కొత్తగా ఎక్కించే విండోస్ కూడా ఆ చెడ్డ ముక్క గుండానే పోవాలి.

ఆ ముక్క మాది కాదు అంది సర్వీసు సెంటర్. వారంటీ కంపెనీదే అన్నాడు షాపాయన. బిల్లులో ర్యామ్ విడిగా రాసి ఉండబట్టి గానీ, లేకపోతే ఇద్దరి మధ్యా బంతిలా తిరిగేవాళ్ళం. నోటు పుస్తకం, ఫొటోలు, బిల్లు, రాతపూర్వకంగా ఒక ఫిర్యాదు బల్ల మీద పెట్టాక ముక్క మార్చి ఇచ్చారు.

షాపుల్లో ఇంకో మాట వినిపిస్తుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి "కెర్నల్ పవర్ 41" చూపించి, చూశారా పవర్ ప్రాబ్లమ్, మదర్‌బోర్డు పోయింది అంటారు. ఆ 41 చెప్పేది మిషన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. అది నాడి ఆగిందన్న కబురే గానీ జబ్బు పేరు కాదు. దానికన్నా స్టార్ట్ మెనూలో "రిలయబిలిటీ హిస్టరీ" అని వెతికి చూడండి, ఏ రోజు ఏది పడిందో క్యాలెండర్‌లా కనిపిస్తుంది. ఆగడాలు మొదలైన రోజుకి ముందు ఏ అప్‌డేట్ పడిందో కూడా తెలుస్తుంది.

షాపువాళ్ళందరూ దొంగలని నేననను. రోజుకి ఇరవై మిషన్లు వస్తాయి, ఫార్మాట్ గంటలో అయిపోయే పని, కొన్ని జబ్బులకి అది నిజంగానే మందు. కానీ వారంటీలో ఉన్న వస్తువుకి మనం ఎందుకు డబ్బు కట్టాలి? ముందు కంపెనీ సర్వీసుకి ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. చేసిన పని కాగితం మీద రాయించుకోండి. ఇచ్చే ముందు ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో పిల్లల్ని అడిగి పెట్టుకోండి, రిపేరు తర్వాత కొన్ని మిషన్లు అది అడుగుతాయి, లేకపోతే ఫైళ్ళు తెరుచుకోవు.

వినకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువు ఖరీదు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. కోర్టు అంటే మనకి భయం గానీ, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే అని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద మన ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లోనే.

మెమరీ పరీక్ష పెట్టడం తెలియనివాళ్ళు సంక్రాంతి సెలవుల్లో మా ఇంటికి రండి, పాప ఉంటుంది. ఛార్జర్, బిల్లు వెంట తెచ్చుకోండి.