శాలువా కప్పే ముందు



గత వారం మా మనుమడు నన్ను పట్టుబట్టి కూర్చోబెట్టి "సల్లీ" అనే ఆంగ్ల చలనచిత్రం చూపించాడు. 2016లో వచ్చిన చిత్రమది. వాడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. సినిమా ముగిశాక, "తాతయ్యా, నేను పైలట్‌నవుతాను. నాన్నతో నువ్వే చెప్పాలి" అన్నాడు. అంత ఆదరంగా సినిమా చూపించడంలోని ఆంతర్యం అప్పుడు బోధపడింది. ఆలోచించి చెబుతానన్నాను. ఆ ఆలోచనే ఈ టపా.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2009 జనవరి 15న న్యూయార్క్ లగ్వార్డియా విమానాశ్రయం నుంచి షార్లట్ నగరానికి బయలుదేరిన యు.ఎస్. ఎయిర్‌వేస్ విమానానికి, నేలను వీడిన కొద్ది సేపటికే, ఇంకా మూడు వేల అడుగుల ఎత్తైనా అందుకోకముందే, కెనడా బాతుల గుంపు ఎదురైంది. పక్షులు చొరబడి రెండు ఇంజన్లూ శక్తి కోల్పోయాయి. అటు తరువాత మిగిలిన కాలం దాదాపు మూడున్నర నిమిషాలు. ఆ వ్యవధిలో కెప్టెన్ చెస్లీ సల్లెన్‌బర్గర్, కోపైలట్ జెఫ్రీ స్కైల్స్ కలిసి ఆ విమానాన్ని హడ్సన్ నది నీళ్లపై దించారు. లోపల ఉన్న 155 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అప్పటికి సల్లెన్‌బర్గర్ వయస్సు 57 ఏళ్లు. పదహారవ ఏట విమానం నడపడం నేర్చి, వాయుసేనలో యుద్ధవిమానాలు నడిపి, 1980 నుంచి ప్రయాణికుల విమానాలు నడుపుతూ వచ్చిన మనిషి. ఆయన ఖాతాలో దరిదాపు ఇరవై వేల గంటల గగనయానం ఉంది.

దేశం దేశమంతా ఆయనకు బ్రహ్మరథం పట్టింది. అంతవరకు అందరికీ తెలిసిన కథ. తరువాతి కథను సినిమా రేఖామాత్రంగా స్పృశించి వదిలింది. నాకు ముఖ్యమని తోచినది అదే.

విమానం నదిలో దిగిన నలభై రోజులకు, అంటే ఫిబ్రవరి 24న, అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం సాక్ష్యమిమ్మని ఆయనను పిలిచింది. పొగడ్తలు స్వీకరించి రాదగిన సందర్భమే. ఆయన మాత్రం అక్కడ తన జీతం సంగతి ఎత్తారు. తన జీతంలో 40 శాతం కోత పడిందనీ, తనకు రావలసిన పింఛను పథకాన్ని రద్దు చేశారనీ, దాని స్థానంలో దక్కే ప్రభుత్వ హామీ డాలరుకు కొన్ని పైసల పాటి మాత్రమేననీ చెప్పారు. తన పిల్లలు ఈ వృత్తిలోకి రావాలని కోరుకునే పైలట్ ఒక్కడు కూడా తనకు తెలియడన్నారు. పక్కనే కూర్చున్న స్కైల్స్, మధ్యతరగతి జీవితం నిలుపుకోవడానికి తాను ఆరేళ్లుగా రెండు పనులు చేస్తూ వారానికి ఏడు రోజులూ శ్రమిస్తున్నానని విన్నవించారు. ఒక పని విమానం నడపడం. రెండవది ఇళ్ల నిర్మాణపు కాంట్రాక్టు.

ఏరు దాటాక తెప్ప తగలేసినట్లు అని మన సామెత. అక్కడ ఏరు దాటించక మునుపే తెప్పకు నిప్పు పెట్టి ఉంచారు. ఆ కాలుతున్న తెప్ప మీదనే 155 మందిని ఒడ్డుకు చేర్చారా ఇద్దరూ.

ఈ దుస్థితి ఒక్కరోజులో రాలేదు. 1978లో అమెరికాలో ఒక చట్టం చేసి విమాన మార్గాల మీద, టిక్కెట్ ధరల మీద ప్రభుత్వ నియంత్రణను తొలగించారు. పోటీ పెరిగింది, ధరలు దిగాయి, సామాన్యుడు విమానమెక్కాడు. అది మేలే. 2001 సెప్టెంబరు దాడుల తరువాత ప్రయాణికులు తగ్గిపోయి సంస్థలు దివాలా న్యాయస్థానాల మెట్లెక్కాయి. యు.ఎస్. ఎయిర్‌వేస్ 2002లో ఒకసారి, 2004లో మరొకసారి ఎక్కింది. దివాలా ప్రక్రియలో పాత ఒప్పందాలను తిరగరాయవచ్చును గనుక జీతాలు కోసుకున్నారు, పింఛన్లు వదిలించుకున్నారు. 2005లో యునైటెడ్ సంస్థ తన పింఛను పథకాలను ప్రభుత్వ బీమా సంస్థ నెత్తిన పెట్టినప్పుడు, ఆ దేశ చరిత్రలో అప్పటివరకు అంత పెద్ద పింఛను ఎగవేత లేదు.

ఇందులో నన్ను మిక్కిలి బాధించిన మెలిక ఒకటున్నది. ఆ రోజుల్లో అక్కడి చట్టం ప్రకారం ప్రయాణికుల విమానం నడిపే పైలట్ అరవై ఏళ్లకు దిగిపోవలసిందే. ఆ వయోపరిమితిని 2007 డిసెంబరులో గాని 65కు పెంచలేదు. కాగా, పింఛను బీమా సంస్థ 65 ఏళ్లకు విరమించిన వారికి ఇచ్చే గరిష్ఠ మొత్తంలో, 60 ఏళ్లకు విరమించిన వారికి 65 శాతమే ఇస్తుంది. ఒక చట్టం "అరవైకి దిగిపో" అంటుంది. మరొక చట్టం "తొందరపడి దిగిపోయావు గనుక నీకు తక్కువ" అంటుంది. ముప్ఫై ఏళ్లు ఆకాశంలో దారి తప్పని మనిషికి నేల మీద దొరికిన న్యాయమిది!

సల్లెన్‌బర్గర్ 2010 మార్చి 3న పదవీ విరమణ చేశారు. అప్పటికి 59 ఏళ్లు. చట్టరీత్యా మరో ఆరేళ్లు నడపవచ్చును. ఆయన నడిపిన ఆఖరి విమానం ఫ్లోరిడా నుంచి షార్లట్‌కు వెళ్లింది. ఏడాది క్రితం ఏ ఊరికి చేరలేకపోయారో ఆ ఊరికే చివరి ప్రయాణం. ఆనాటి సహచరుడు స్కైల్స్, నాటి ప్రయాణికులు కొందరు అక్కడ ఆయనను కలుసుకున్నారు. చదువుతుంటే కన్ను చెమర్చింది. కాని వెంటనే ఒక ప్రశ్న పుట్టింది. ఆ ప్రయాణికులు ఆయనకు చేయి కలిపారు సరే, ఆయన బోటి వేలమంది అనామక పైలట్లకు నదిలో దిగే అవసరం కలుగలేదు. వాళ్లు ముప్ఫై ఏళ్లూ ప్రతిరోజూ విమానాన్ని దించవలసిన చోటనే దించి, ఏ వార్తలోకీ ఎక్కకుండా, తగ్గిన జీతంతో, చెదిరిన పింఛనుతో ఇంటికి వెళ్లిపోయారు. వారి లెక్క ఎవరు చూశారు?

వృత్తిరీత్యా తెలుగు పండితుణ్ణి గనుక ఒక్క మాట. విమాన శబ్దంలో ఉన్నది కొలుచుట అనే అర్థం గల "మా" ధాతువు. సన్మాన శబ్దంలోని మానము వేరు. అది పూజించుటకు సంబంధించినది. రెండూ చెవికి ఒక్కలాగే వినబడతాయి గాని పుట్టుకలు వేరు. మన సంస్థలు, ప్రభుత్వాలు ఈ రెంటినీ కలిపి మనలను మభ్యపెడుతున్నవని నా అనుమానం. కొలిచి ఇవ్వవలసిన జీతం దగ్గర, కొలిచి ఇవ్వవలసిన నిద్ర దగ్గర కోత పెట్టి, ఆఖరి రోజున సన్మానం మాత్రం ఘనంగా చేస్తారు.

నిద్ర అన్నది ఊరక అనలేదు. సల్లెన్‌బర్గర్ సాక్ష్యమివ్వడానికి పన్నెండు రోజుల ముందు, ఫిబ్రవరి 12 రాత్రి, నెవార్క్ నుంచి బయలుదేరిన ఒక చిన్న విమానం బఫెలో సమీపంలో ఒక ఇంటి మీద కూలింది. విమానంలోని 49 మంది, నేల మీద ఒకరు మరణించారు. ఆ విమానపు కోపైలట్ సియాటిల్‌లో కాపురముండి, దేశానికి ఆ కొస నుంచి ఈ కొసకు రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి విధిలో చేరిందని విచారణలో తేలింది. చాలీచాలని జీతంతో కొలువున్న ఊరిలో ఇల్లు తీసుకోలేని యువ పైలట్లు విమానాశ్రయంలోని సిబ్బంది గదుల్లోనే కునుకు తీసే అలవాటు కూడా అప్పుడే లోకానికి తెలిసింది. మృతుల కుటుంబాలు పట్టువిడవక పోరాడిన మీదట 2010లో కొత్త చట్టం వచ్చింది. 2014 జనవరి నుంచి విధికి ముందు పది గంటల విశ్రాంతి తప్పనిసరి చేశారు. సామాను మోసే విమానాల పైలట్లను ఆ నియమం నుంచి మినహాయించారు! వారికి నిద్ర రాదని కాబోలు.

ఎదుటి పక్షపు వాదన కూడా చెప్పుకోవాలి. సంస్థ మునిగిపోతున్నప్పుడు జీతాలు తగ్గించకపోతే ఉద్యోగాలే పోతాయి, అప్పుడు ఎవరికేమి మిగులుతుంది అంటారు. అందులో నిజం లేకపోలేదు. చవక టిక్కెట్ పుణ్యాన బెంగుళూరులోని మా అమ్మాయి ఇంటికి నేనూ విమానంలో పోయి వచ్చినవాడినే. కాని ఆపత్కాలంలో కోసిన జీతం మంచి రోజులు రాగానే దానంతటది తిరిగి రాదు. 2020లో కరోనా కాలాన అమెరికా సంస్థలు అనుభవజ్ఞులైన పైలట్లను వేల సంఖ్యలో ముందస్తు విరమణకు ఒప్పించి పంపాయి. రెండేళ్లు తిరిగేసరికి ప్రయాణికులు వెల్లువెత్తారు, నడిపేవారు కరువయ్యారు. అప్పుడు జీతాలు పెరిగాయి. 2023లో డెల్టా సంస్థ పైలట్లతో కుదుర్చుకున్న ఒప్పందంలో నాలుగేళ్లలో 34 శాతం పెంపు ఉంది. సంతోషమే. అయితే అది కృతజ్ఞతతో ఇచ్చినది కాదు, కరువు వచ్చి ఇచ్చినది. మధ్యలో విరమించిన తరానికి అందులో చిల్లిగవ్వ రాలేదు.

మన దేశంలో సంగతి వేరుగా ఉందనుకుందామా? పైలట్లకు వారానికి 36 గంటలుగా ఉన్న విరామాన్ని 48 గంటలకు పెంచుతూ పౌర విమానయాన నియంత్రణ సంస్థ చేసిన నియమం 2025 జులైలో అమలుకు వచ్చింది. రాత్రి వేళ విమానం దించడాలపై కఠిన పరిమితి నవంబరులో వచ్చింది. డిసెంబరు మొదటి వారంలో దేశంలోకెల్లా పెద్ద విమాన సంస్థకు పైలట్లు చాలక వేల సంఖ్యలో విమానాలు రద్దయ్యాయి. శంషాబాదులోనూ జనం పెట్టెల మీద కూర్చుని పడిగాపులు కాశారు. ఆ తరువాత జరిగినదేమి? నియమాన్ని ఆ సంస్థకు తాత్కాలికంగా సడలించారు. నియమం ముందుగా తెలిసి కూడా మనుషులను చేర్చుకోకపోవడం ఒకరి తప్పు. అందుకు తాకట్టు పడినది మాత్రం పైలట్ల నిద్ర. ఆనాడు టీవీలో కోపంతో ఊగిపోయిన ప్రయాణికులలో ఎందరు, "నన్ను తీసుకుపోయే మనిషి నిన్న రాత్రి నిద్రపోయాడా?" అని అడిగారో నాకు తెలియదు.

ఇక నా సంగతి. ముప్ఫై ఆరేళ్లు బడిపంతులుగా చేసి విరమించాను. నాకూ శాలువా కప్పారు, పూలదండ వేశారు, విద్యార్థులు కాళ్లకు మొక్కారు. నాకు పాత పద్ధతి పింఛను వస్తున్నది. ఆనాడు ఆ శాలువాను నా భుజాన కప్పిన యువ పండితుడికి అది లేదు. 2004 సెప్టెంబరు ఒకటి తరువాత చేరినవాళ్లను ప్రభుత్వం పాత పింఛను నుంచి తప్పించి వాటా చెల్లింపు పథకంలో వేసింది. ఒకే బడి, ఒకే పాఠం, ఒకే సుద్దముక్క. ముసలితనాలు మాత్రం రెండు రకాలు. ఆ కుర్రవాడి కళ్లలోకి సూటిగా చూడలేక "బాగా పాఠాలు చెప్పు నాయనా" అని ఆశీర్వదించి వచ్చేశాను. నాకు దక్కినది నీకెందుకు దక్కలేదని ఏనాడైనా నోరు విప్పి అడిగానా? అడగలేదు.

అంతకన్నా పెద్ద తప్పు మరొకటి చేశాను. మావాడు పదవ తరగతిలో ఉన్నప్పుడు "నాన్నా, నేనూ నీలాగా మాస్టారునవుతాను" అంటే, "వద్దురా, ఈ తిప్పలు నాతోనే పోనీ" అన్నాను. వాడు కంప్యూటర్ల వైపు వెళ్లిపోయాడు. సల్లెన్‌బర్గర్ సాక్ష్యంలోని ఆ మాట చదివినప్పుడు నాకు గుచ్చుకున్నది అందుకే. ఏ వృత్తిలోనైనా జీతం తగ్గితే ఆ తరం నష్టపోతుంది. తండ్రి తన బిడ్డతో "ఇటు రాకు" అన్ననాడు ఆ విద్యే నష్టపోతుంది. కాక్‌పిట్ కూడా ఒక గురుకులమే కదా. ఎడమ వైపున కూర్చున్నవాడిని చూసి కుడి వైపున కూర్చున్నవాడు నేర్చుకుంటాడు. ఎడమ వైపు మనిషి విసిగి ముందే దిగిపోతే, కుడి వైపు కుర్చీలోకి వచ్చేవాడు ఎవరిని చూసి నేర్వాలి?

కనుక నేను చెప్పదలచుకున్నది ఇంతే. అనుభవానికి గౌరవం విరమణ దినాన కప్పే శాలువాలో లేదు. నెలనెలా కోత లేకుండా వచ్చే జీతంలో, రాత్రి దక్కే నిద్రలో, ముదిమిలో మాట తప్పని పింఛనులో ఉన్నది. అవి ఇచ్చాక శాలువా కప్పితే అందం. ఇవ్వకుండా కప్పితే అది చిరుగును దాచే గుడ్డ.

నిన్న సాయంత్రం మా అబ్బాయితో మాట్లాడాను. "అరకోటికి పైగా ఖర్చు, నాన్నా. రేపు ఆ సంస్థ మూతపడితే?" అన్నాడు. న్యాయమైన భయమే. "నీకు నేను అడ్డుపడ్డాను. వాడికి నువ్వు పడకు" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "చూద్దాం నాన్నా" అన్నాడు. మనుమడికి మాత్రం ఒక షరతు పెట్టాను: విమానం నడపడంతో పాటు, నీకూ నీ పక్కవాడికీ రావలసినది అడగడం కూడా నేర్చుకో అని. అది నేను నేర్వని పాఠం.

మిత్రులలో ఈ వృత్తిలో ఉన్నవారు, విరమించినవారు ఉంటే తప్పులు దిద్ది, మీ అనుభవం వ్రాయగలరు.

స్వస్తి.