పేనుకొరుకుడు: పేనుదా నేరం?

తలపై రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు రాలి నున్నబడితే మన గుంటూరు, ప్రకాశం పల్లెలలో పేనుకొరుకుడు అంటారు. నిజానికి పేను నిరపరాధి. దేహాన్ని కాపాడవలసిన రక్షణశక్తియే పొరపడి వెంట్రుకల కుదుళ్ళపై దాడి చేయుట దీనికి మూలం. ఇది అంటువ్యాధి కాదు. అయినను తోటి విద్యార్థి సరసన కూర్చొనుటకు జంకుతాము.

ఇంటిలో గురివింద గింజ అరగదీసి పూస్తారు. ఆ గింజ విషపూరితం. చిన్న మచ్చలు పెక్కుమందికి వాటంతట అవే పూడుతాయి. కీర్తి మాత్రం పూతకు దక్కుతుంది. పొలుసులు, దురద ఉన్నచో అది తామర కావచ్చును. అది అంటుకొనును, దాని మందు వేరు. ఈ భేదం తేల్చవలసినవాడు చర్మవైద్యుడు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఆ విభాగం ఉన్నది.

మిత్రులారా, రుమాలు చాటున మచ్చను దాచవద్దు. కళాశాల సంఘంవారు ఏటా ఒకసారి చర్మవైద్యుని రప్పింతురని ఆశిస్తున్నాను.